బొట్టు పెట్టిన మీటలు

ఎవరైనా కొత్త కంప్యూటర్ కొనుక్కుని "పాతదాంట్లోవన్నీ ఇందులోకి వచ్చేశాయండీ" అని సంబరపడుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అన్నీ ఎక్కడొస్తాయి? ఎనభైల్లో, జంషెడ్‌పూర్‌లో కంప్యూటర్ అంటే ఏదో ఆఫీసులో ఏసీ గదిలో ఉండే బీరువా అని జనం అనుకునే రోజుల్లో, మా ఇంట్లో ఒక కంప్యూటర్ పోయి ఇంకొకటి వచ్చింది. ఆ రెంటి మధ్యలో మా నాన్న మాట పోయింది. అది పోవడం రెండోసారి.

మొదటిసారి పక్షవాతంలో పోయింది. నాన్న ఊరి శివార్లలో, గోవింద్‌పూర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ట్రక్కుల ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. టెక్కలి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడి టాటానగర్ స్టేషన్‌లో దిగిన మనిషి. హిందీ గడగడా మాట్లాడేవాడు గానీ హిందీ అక్షరం చదవలేడు. ఇంగ్లీషు సంగతి సరేసరి. చదవడం, రాయడం అంతా తెలుగులోనే. ఇక ఆ గొంతు! ఇంట్లో చెంబు అడిగితే వీధి చివర ఉన్నవాళ్ళు కూడా అందించాలేమో అన్నట్టు అడిగేవాడు. అంత ఎత్తున కూచుని కిందివాళ్ళ మీద అరిచి అరిచి అలా తయారయ్యాడని అమ్మ విసుక్కునేది.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అలాగే కూలబడ్డాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక మాకు తెలిసిందేమిటంటే, బుర్ర మాత్రం పోలేదు. అంతా వింటాడు, అంతా అర్థమవుతుంది, నోట్లోంచి ఒక్క ముక్క రాదు. చూసిపోవడానికి వచ్చినవాళ్ళు "అదొక్కటైనా నయం" అనేవారు. నయమా? నాకైతే అంతకంటే ఘోరం ఉండదనిపించింది.

ముందు నేను చేసిన పని, పాత క్యాలెండర్ వెనక పెద్దపెద్దగా అక్షరాలు రాసి ఆయన ఒళ్ళో పెట్టడం. ఎడమ వేలితో ఒక్కో అక్షరం చూపిస్తే మేము కూడబలుక్కుని చదవాలి. గొడవంతా అక్కడే వచ్చింది. ఆయన 'మ' మీద వేలు పెట్టి, నేను దాన్ని పైకి అంటే చాలు, అమ్మ "మంచినీల్లా?" అనేది. నేను "మందా?" అనేదాన్ని. పక్కింటావిడ ఉంటే ఆవిడ "మంచం వాల్చాలేమో చూడండి" అనేది. ఆయన వేలు రెండో అక్షరానికి చేరేలోపు మేమందరం తలో మాటా ఆయన నోట్లో కుక్కేవాళ్ళం. ప్రేమతోనే. అదే దరిద్రం. ఆయన మొహం ఎర్రబడి, క్యాలెండర్ తీసి విసిరికొట్టేవాడు. ఎన్నిసార్లు ఏరి తెచ్చి ఒళ్ళో పెట్టానో.

అప్పటికి మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. మా మేనమామ సరుకుల ఓడలో పనిచేసేవాడు. నేను ఊరి నడిబొడ్డున బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్‌లో రోజంతా అంకెలు ఎక్కించే ఉద్యోగం చేస్తున్నానని విని, సింగపూర్ నుంచి నాకోసం తెచ్చాడు. పలకంత ఉంటుంది. మీటలు రబ్బరువి, నొక్కితే మెత్తగా దిగుతాయి. దానికి వేరే తెర లేదు, ఇంట్లో టీవీకే తగిలించాలి. ప్రోగ్రాములు క్యాసెట్‌లో ఉంటాయి. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి తిప్పితే కీచుమని కాసేపు చెవులు చిల్లులు పడేలా అరిచి, అప్పుడు ఎక్కుతుంది. సెలవు రోజుల్లో దాంతో ఏవో ఆటలు ఆడుకునేదాన్ని.

ఒక ఆదివారం నాన్న క్యాలెండర్ విసిరేశాక, దాన్ని ఏరి తేవడానికి నాకు మనసొప్పలేదు. గళ్ళ కాయితం తీసి, గళ్ళు నింపుతూ 'అ' గీశాను. ఆ మిషన్‌లో మనక్కావలసిన బొమ్మలు గళ్ళుగా చెప్తే అది టీవీ మీద చూపిస్తుంది. 'అ' వచ్చింది. వంకరగా, ముక్కు విరిగినట్టు వచ్చింది గానీ వచ్చింది. ఆ తర్వాత ఆఫీసు నుంచి రాగానే అదే పని. మీటలు తక్కువ, మన అక్షరాలు ఎక్కువ. అందుకని మా ఇంట్లో ఎవరూ ఒత్తి పలకని ఖ, ఘ, ఛ, ఝలన్నీ పీకేశాను. ఒత్తుల్ని అక్షరం కిందికి దించడం నాకు చేతకాలేదు, పక్కనే కూచోబెట్టాను. చిన్న కాయితం ముక్కల మీద అక్షరాలు రాసి మీటల మీద అంటించి, మిషన్‌ని నాన్న ఎడమచేతి కింద పెట్టాను.

నాన్న చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కడం మొదలెట్టాడు. అమ్మా నేనూ టీవీకి అతుక్కుని నిలబడ్డాం. నెలల తరబడి మూగగా కూచున్న మనిషి మొట్టమొదట ఏం చెప్తాడోనని. టీవీ మీద వచ్చింది, నేను పైకి చదివాను: "పప్పులో ఉప్పు నేదు."

"ఓలమ్మో!" అంది అమ్మ. ఏడుస్తూ నవ్వింది. "ఇన్నాల్లూ సప్పిడి పప్పు తినీసినాడేటే ఈ మనిసి!"

ఆ తర్వాత సుమారు ఏడాది మా ఇంట్లో మళ్ళీ నాన్న గొంతు ఉంది. గొంతంటే ఏమీ వినబడేది కాదు, కానీ ఆ వాక్యాల్లో ఆ అరుపు అలాగే ఉండేది. మేము వంటింట్లో ఉండగా ముందుగదిలో తనంతట తాను తీరిగ్గా కూచుని రాసుకుని, అయిపోయాక బల్ల మీద టపటపా కొట్టి పిలిచేవాడు. వెళ్ళి చూస్తే మాట పూర్తిగా ఉండేది. అమ్మతో తగువు పెట్టుకునేవాడు. పక్కింటివాళ్ళ రేడియోని తిట్టేవాడు. తనని చూడ్డానికి వచ్చి, తన ఎదురుగానే "పాపం" అన్న పాత తోటి పనివాణ్ణి ఉద్దేశించి "నీ పాపం నీ ఇంట్లో ఎట్టుకో" అని రాసి, అది కనబడేలా టీవీ వైపు వేలు చూపించాడు. వచ్చినాయన టీ తాగకుండా లేచిపోయాడు. ఆ రోజంతా నాన్న సగం మొహంతో నవ్వుతూనే ఉన్నాడు.

ఆయనకి కావలసింది మంచినీళ్ళూ మందులూ కాదు. తన మాట తనే ముగించుకోవాలి. అంతే. ఆ ఒక్కటీ ఆ రబ్బరు మీటల డొక్కు మిషన్ ఇచ్చింది.

కరెంటు పోతే ప్రోగ్రాం ఎగిరిపోయేది. గోవింద్‌పూర్‌లో కరెంటు పోవడానికి ముహూర్తం అక్కర్లేదు. వచ్చాక మళ్ళీ క్యాసెట్ తిప్పాలి. నేను ఆఫీసులో ఉంటే అమ్మే తిప్పేది. "మీ నాన సంగీతం ఎట్టినాను" అనేది ఆ కీచురొదని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అమ్మా నాన్నా అంత దగ్గరగా కూచోవడం నేను అప్పుడే చూశాను. ఆయన రాయడం, అమ్మకి చదువు రాదు గనక సాయంత్రం నేను వచ్చేదాకా ఆ వాక్యాన్ని అలాగే టీవీ మీద కాపలా కాయడం.

ఆ తర్వాత విశ్వకర్మ పూజ వచ్చింది.

జంషెడ్‌పూర్‌లో బతికినవాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్తాను. ఆ రోజు ఊళ్ళో ఏ మిషన్‌తోనూ పని చేయించరు. కడిగి, తుడిచి, గంధం రాసి, బొట్టు పెట్టి, దండ వేసి దణ్ణం పెట్టుకుంటారు. ఫ్యాక్టరీలో క్రేన్ దగ్గర్నుంచి ఇంట్లో స్కూటర్ దాకా, కుట్టుమిషన్ దాకా. నాన్న ఏ పండగనైనా తేలిగ్గా తీసుకునేవాడు గానీ దీన్ని కాదు. ఆ రోజు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన క్రేన్‌కి తానే పూజ చేసి వచ్చేవాడు. ఇప్పుడు క్రేన్ లేదు. ముందురోజు సాయంత్రం బల్ల కొట్టి పిలిచాడు. టీవీ మీద ఉంది: "రేపు ఇస్సకర్మ పూజ. దీన్ని ముట్టకండి. బొట్టెట్టి ఒగ్గీండి."

అంటే ఆ రోజంతా తను మాట్లాడనని. తనకి మాట ఇచ్చిన మిషన్‌కి తను ఇచ్చే సెలవు.

మర్నాడు అమ్మ పూజ చేసింది. నేను ముందుగదిలోకి వెళ్ళేసరికి అరగదీసిన గంధం, తడిపిన కుంకుమ పెట్టుకుని ఒక్కో మీటకీ శ్రద్ధగా బొట్టు పెడుతోంది. "అన్నిటికీ ఎందుకే, పైన ఒకటి పెడితే చాలదా?" అన్నాను. "ఒక్కోటీ ఒక్కో అచ్చరం కాదేటే? ఒకదానికెట్టి ఒకదానికి మానీత్తే ఎలగ?" అంది. నాకూ బాగానే అనిపించింది. నాన్న కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో కూచుని తృప్తిగా చూస్తున్నాడు. చివర్న అమ్మ పువ్వుని నీళ్ళలో ముంచి మిషన్ మీద చల్లింది. మర్నాడు పొద్దున్నే లేచి, గంధం ఎండిపోయిందని తడిగుడ్డతో మీటలన్నీ ఒత్తి ఒత్తి తుడిచింది.

క్యాసెట్ తిప్పాం. ప్రోగ్రాం ఎక్కింది. నాన్న ఒక మీట నొక్కాడు. ఏమీ రాలేదు. ఇంకోటి నొక్కాడు. ఆ అక్షరం వచ్చి, ఆగకుండా అదే మళ్ళీ మళ్ళీ వస్తూ తెరంతా నిండిపోయింది. ఆ కుంకుమ నీళ్ళు రబ్బరు కింద ఉండే పల్చటి పొరల మధ్యకి దిగిపోయాయి. మర్నాటికి ఉన్న నాలుగు అక్షరాలూ పోయాయి.

అమ్మ గోడకి తల కొట్టుకుంది. "నానే సంపీసినాను! ఈ మనిసి నోరు నానే నొక్కీసినాను తల్లో!" అని ఏడ్చింది. నేనేం చెప్తే ఏం లాభం? పూజ చెయ్యమన్నది ఆయన. అమ్మని ఓదార్చాల్సింది ఆయన. ఆయన ఒక్కడు "పర్లేదులేవే" అంటే చాలు, అమ్మ లేచి వంట చేసుకునేది. ఆ ఒక్క మాట అనడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఎడమచెయ్యి చాపి అమ్మ కొంగు పట్టుకుని లాగుతున్నాడు. అమ్మ అది తనని కొట్టడానికే అనుకుని "కొట్టు, కొట్టు" అని ఇంకా ఏడ్చింది. వాళ్ళిద్దరినీ అలా చూడలేక నేను వీధిలోకి వెళ్ళిపోయాను.

బిష్టుపూర్‌లో టీవీలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసే దుకాణదారు మిషన్ విప్పి చూసి పెదవి విరిచాడు. "దీదీ, యే తో ఖిలౌనా హై" అన్నాడు. ఆటబొమ్మట! దీని సామాన్లు కలకత్తాలో కూడా దొరకవని, అసలు ఆ మోడలే ఆగిపోయిందని చెప్పాడు. మేనమామకి ఉత్తరం రాశాను. ఆయన అప్పటికే ఓడ ఉద్యోగం మానేశాడు. దుకాణదారే సలహా ఇచ్చాడు, ఆఫీసుల్లో ఉండే రకం పెద్ద కంప్యూటర్ కలకత్తా నుంచి తెప్పించి బిగిస్తానని, ఇంక క్యాసెట్ల గోల ఉండదని, అంతా ఫ్లాపీలేనని. "మా పాత ప్రోగ్రాం నడుస్తుందా?" అని అడిగాను. "సబ్ చలేగా" అన్నాడు. అంతా నడుస్తుందట. వాడి నోట్లో మన్ను పొయ్య.

నాన్న పని మానాల్సి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ ఇచ్చిన డబ్బులోంచి అది కొన్నాం. పెద్ద డబ్బా, దాని మీద ఇంకో డబ్బా, టకటకలాడే గట్టి మీటలు, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలు. నేను క్యాసెట్ పట్టుకుని దాని చుట్టూ తిరిగాను, ఎక్కడ పెట్టాలో తెలీక. పెట్టడానికి చోటే లేదు. ప్రోగ్రాంని నేను రాసుకున్న కాయితాల్లో చూసి మళ్ళీ చేత్తో కొట్టి ఎక్కిద్దామంటే పాతదాని భాష వేరు, దీని భాష వేరు. అక్షరాల గళ్ళు ఎక్కడ దాచాలో కూడా వేరు. అన్నిటికీ మించి, ఆ తెరకి బొమ్మలు గియ్యడమే రాదు. అది రావాలంటే లోపల వేరే కార్డు బిగించాలట, మళ్ళీ కలకత్తా నుంచి. మా ఆఫీసులో అడిగితే "కంప్యూటర్‌కి తెలుగా?" అని నవ్వారు. నవ్వినవాళ్ళకి ఏం పోయింది.

కార్డు వచ్చేదాకా ఊరుకోలేక, గట్టి మీటల మీద మళ్ళీ తెలుగు కాయితాలు అంటించాను. 'క' నొక్కితే తెర మీద ఇంగ్లీషులో పడుతుంది, నేను చదివి చెప్తాను. తెలివైన పని చేశాననుకున్నాను. నాన్న నొక్కేవాడు. నొక్కి తెర చూసేవాడు. అక్కడ ఉన్నదేదీ ఆయనకి తెలీదు. తప్పు నొక్కాడో ఒప్పు నొక్కాడో తెలీదు. దాంతో తెర చూడ్డం మానేసి మా మొహాలు చూడ్డం మొదలెట్టాడు. తను ఏం అన్నాడో మా మొహాల్లో వెతుక్కునేవాడు. నేను లేని పగటిపూట ఆ ఇంగ్లీషు అమ్మకీ అక్కరకి రాదు. పాత క్యాలెండర్ లాంటిదే ఇంకోటి నాచేత రాయించి అమ్మ ఆయన ఒళ్ళో పెట్టింది. చదువు రాకపోయినా ఈపాటికి ఆ అక్షరాల్లో కొన్నిటిని ఆకారం బట్టి గుర్తుపట్టేది.

కార్డు ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది. వచ్చిన కార్డు మా డబ్బాలో పట్టలేదు. దాన్ని వెనక్కి పంపారు. వర్షాలు వెళ్ళి చలి వచ్చింది, చలి వెళ్ళి ఎండలు ముదిరాయి. ప్రతి శనివారం దుకాణానికి వెళ్ళి వాణ్ణి తిట్టి రావడం నాకు అలవాటైపోయింది. వాడికీ తిట్లు తినడం అలవాటైపోయింది.

ఇంట్లో ఇంకో అలవాటు కూడా తయారవుతోందని నాకు పట్టించుకునే తీరిక లేకపోయింది. నాన్న 'మ' మీద వేలు పెట్టేవాడు. "మంచినీల్లేటి?" అనేది అమ్మ. ఆయన తలూపేవాడు. గ్లాసు నోటికందిస్తే దాహం ఉన్నా లేకపోయినా తాగేవాడు. 'చ' అంటే చొక్కా. చొక్కా మార్చేవాళ్ళం, మార్పించుకునేవాడు. క్యాలెండర్ విసిరెయ్యడం మానేశాడు. వచ్చినవాళ్ళందరూ "ఇప్పుడు ఆయన శాంతంగా ఉన్నారమ్మా" అని మెచ్చుకునేవారు. శాంతమట, నా మొహం శాంతం. తెలుగు ఒక్కటి వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఎట్టకేలకి సరైన కార్డు వచ్చింది. మళ్ళీ గళ్ళ కాయితాలు తీశాను. ఈసారి గళ్ళు చాలా ఎక్కువ, అక్షరం ముక్కు విరగకుండా నిండుగా వచ్చింది. ఒత్తులు అక్షరం కిందే కూచున్నాయి. పీకేసిన ఖ, ఘ, ఛ, ఝలన్నిటినీ వెనక్కి పిలిచాను. కరెంటు పోయి వచ్చినా ఫ్లాపీ పెడితే చిటికెలో ఎక్కేస్తుంది. చూసుకుంటే నాకే ముద్దొచ్చింది. పాతది దీని కాలిగోటికి చాలదు.

ఒక ఆదివారం పొద్దున్న, నాన్నకి స్నానం చేయించి, అమ్మ టిఫిన్ తినిపించాక, ఆయన్ని కుర్చీతో సహా మిషన్ ముందుకి జరిపాం. అమ్మ దానికి బొట్టు పెట్టలేదు. దాన్ని ముట్టుకోను కూడా లేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను తెర వెలిగించి, "నాన్నా, మన తెలుగే. నీ ఇష్టమొచ్చింది రాయి. తిట్టినా సరే" అన్నాను.

నాన్న తెర చూశాడు. మీటలు చూశాడు. ఎడమ వేలు నెమ్మదిగా తిరిగి తిరిగి ఒక మీట మీద ఆగింది. నొక్కాడు. తెర మధ్యలో 'ప' వచ్చింది, ఎంతో చక్కటి 'ప', నా చేత్తో నేను గీసింది.

అక్కడితో వేలు ఆగిపోయింది. ఆయన తలెత్తి అమ్మ మొహంలోకి చూశాడు.

"పడుకుంటావేటి?" అంది అమ్మ, అలవాటుగా.

"నువ్వు చెప్పకే! నోరు మూసుకో! ఆయన్ని రాయనీ!" అని అరిచాను. నా గొంతు నాకే నాన్న గొంతులా వినబడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "రాయి నాన్నా. ఇంకో అక్షరం. మేమేం అనం" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. మిషన్ వైపు కాదు. నా పెదాల వైపే చూస్తున్నాడు, నేను ఏ మాట అంటానా అని. నేను బిగపట్టుకుని ఏమీ అనకుండా నిలబడ్డాను. ఆ వేలు రెండో మీట దగ్గరకి వెళ్ళలేదు. వెళ్ళాలన్న ఆలోచన కూడా ఆ మొహంలో లేదు. మాట తను మొదలెట్టేది, మేము ముగించేది. ఆయనకి తెలిసిన పద్ధతి ఇప్పుడు అదే.

నేను ఎంతకీ ఏమీ అనకపోయేసరికి, పాపం, నేను ఏదో అడిగాననుకున్నట్టున్నాడు. అవునని తలూపాడు.

అమ్మ వెళ్ళి పక్క వేసింది. ఎండ ఇంకా వాకిట్లోకి కూడా రాలేదు. చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టాం. ఆయన పడుకున్నాడు. దుప్పటి కప్పితే కప్పించుకుని, కళ్ళు మూసుకున్నాడు.